గోనెకొట్టాల బొడ్డురాయి

మొదలుపెట్టిననాడు నా దగ్గర ముప్పై ఎనిమిది రూపాయల పది అణాలు ఉన్నాయి. మార్కాపురం పలకల గని దగ్గర రెండేళ్లు గుమస్తాగా పనిచేసి కూడబెట్టుకున్నవి. వాటితో ఒక చిన్న పుస్తకం అచ్చువేయాలని నా ఆలోచన.

మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల చూడదగిన చోట్లు ఏవి, ఏ స్టేషన్లో దిగాలి, అక్కడినుంచి బండికి ఎంత, రాత్రికి ఎక్కడ తలదాచుకోవచ్చు, ఆ చోటి పాత కథ ఏమిటి. అంతవరకే. సముద్రం వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లకు మా ప్రాంతం కిటికీలో కనిపించే ఎండిన చేలు, నల్లరాతి గుట్టలు. దొనకొండ దాటగానే ఒక కునుకు తీస్తారు. శ్రీశైలం పోయేవాళ్లు త్రిపురాంతకంలో దండం పెట్టుకుని ముందుకు సాగిపోతారు. రెండు కొండల మధ్య కట్టిన కంభం చెరువు గట్టు మీద నిలబడినవాళ్లు ఎందరు? సత్యవోలు గుళ్ల పేరు విన్నవాళ్లు ఎందరు? మావాళ్లకే తెలియదు.

ప్రతి రెండణాలు. ఐదువందల ప్రతులకు అరవై రెండున్నర రూపాయలు. అచ్చుకు ముప్పై. చోటుకు ఒక పుట చొప్పున, పదహారు పుటల ఫారాలు రెండు. 1935 మాఘమాసం నాటికి ముప్పై ఒక్క చోట్లు రాసేశాను. ఇంకొక్కటి తక్కువ. ఒక పుట ఖాళీగా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

ఆ ఒక్క పుట కోసమే నాకు దారి చూపే అంకన్నను గోనెకొట్టాలకు తీసుకుపోయాను.

గిద్దలూరు దగ్గర ఒక పల్లె కరణం గోవిందయ్యగారు నా గోల భరించలేక పాత దస్తరం విప్పి, వేలు ఒక గీత మీద ఆపారు. "గోనెకొట్టాల. బేచిరాకు" అని ఉంది.

"బేచిరాకు అంటే దీపం పెట్టే మనిషి లేని ఊరు నాయనా. సముద్రపు ఒడ్డునుంచి ఉప్పు గోనెలు ఎద్దుల మీద వేసుకుని కనుమ దాటేవాళ్లు ఆ ఊళ్లో ఒక రాత్రి ఆగేవాళ్లంట. ధాత ఏటి కరువులో ఖాళీ అయింది. యాభై ఎనిమిదేళ్లు."

"చూడ్డానికి ఏముంది అక్కడ?"

"గోడలు. రాతి మీద అక్షరాలున్నాయంటారు. చదివిన వాడు లేడు."

అంతకంటే నాకేం కావాలి?

అంకన్నది కొండకిందిపల్లె. గొర్రెలు మేపుతాడు, రెండెకరాల మెట్ట ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. ఇంతకుముందు రెండుసార్లు నాకు దారి చూపించాడు. నేను మామా అంటే అతను అల్లుడా అనేవాడు. నేను పోయేసరికి వాళ్లమ్మ రంగమ్మ జొన్నరొట్టెలు తడుతూ ఉంది. కోడలు శ్రీశైలమ్మ కాన్పుకు యర్రగొండపాలెంలో పుట్టింటికి పోయింది.

"రాళ్లు చూసేదానికి జనం డబ్బులిచ్చి వస్తారంట్రా?" అంది రంగమ్మ నన్ను చూపిస్తూ కొడుకుతో. "మన చేలో నిండా రాళ్లే. బండి తోలుకొచ్చి ఏరుకోమను."

"నవ్వొద్దులేమ్మా. దినానికి ఎనిమిదణాలు ఇస్తాడు."

"యాడికి ఈసారి?"

అంకన్న రొట్టె తుంచుతూ తల ఎత్తకుండా చెప్పాడు. "గోనెకొట్టాలకు."

రంగమ్మ చెయ్యి పిండి మీద ఆగింది. తర్వాత రొట్టెలు, రెండు ఉల్లిగడ్డలు మూట కట్టింది. ముళ్లు గీసుకుంటే పెట్టుకోమని ఇంత పసుపు చిన్న గుడ్డలో ముడివేసి ఇచ్చింది.

"పొద్దు గూకేలోపల ఇంటికాడ ఉండాల. ఇద్దరూ" అంది.

మూడు మైళ్లు నడిచాం. వాగు ఎండిపోయి ఇసుక మెరుస్తోంది. తంగేడు పొదలు, ఉలిందకంప, ఎక్కడో ఒక కౌజుపిట్ట కూత. రెండు నిలువురాళ్లు కనిపించాయి. వాటి దగ్గర అంకన్న చెప్పులు విప్పి ఒక రాతి మొదట పెట్టాడు.

"ఇదేనా పొలిమేర?"

"ఊఁ. మా తాత పెద్దయ్య పుట్టింది ఈ ఊళ్లోనే. కరువులో వాళ్ల నాయన భుజం మీద బయటపడినాడు. నేను ఇక్కడికి చెప్పులతో రాను అల్లుడా. గొర్రెల్ని కూడా లోపలికి తోలను."

అతను చెప్పులు విప్పిన తీరు నాకు నచ్చింది. పుస్తకంలో రాయవచ్చు అనుకున్నాను.

ఊరు చక్కగా ఉంది. అలా అనడం తప్పేమో గాని, నిజంగానే చక్కగా ఉంది. పైకప్పులు లేవు. గోడలు మోకాలి ఎత్తు కొన్ని, నడుమెత్తు కొన్ని. రెండు వీధులు సరిగ్గా నడుమ కలుస్తాయి. కూడలికి దగ్గర్లో ఒక ఇంటికి రాతి ద్వారబంధం ఇంకా నిలబడే ఉంది. మూట ఆ ఇంట్లో పెట్టి, ఆ గడపలోనే నిలబడి ఇళ్లు లెక్కబెట్టాను. తర్వాత అక్కడినుంచే బయలుదేరి వీధులు తిరిగి మళ్లీ లెక్కబెట్టాను. అరవై మూడు.

కూడలిలో ఒక రాయి బోర్లా పడి ఉంది. మూడడుగుల పొడవు, జానెడు మందం. మట్టి తీసి చూస్తే అడుగు ముఖాన అక్షరాలు వేలికి తగిలాయి.

రాతితో పనిచేసినవాడికి ఒక సంగతి తెలుస్తుంది. అరిగిపోయిన అక్షరం నడినెత్తి ఎండలో కనిపించదు. పొద్దు వాలి వెలుతురు పక్కనుంచి పడితే, గీతలో నీడ నిలిచి అక్షరం పైకి తేలుతుంది. దానికి రాయి నిలబడాలి, ముఖం దక్షిణానికి తిరగాలి, సాయంత్రం కావాలి.

"లేపుదాం మామా."

అంకన్న వెంట తెచ్చిన గడ్డపార పట్టుకున్నాడు గాని వంగలేదు. "ఊరి నడుమ ఉండాది. బొడ్డురాయి మాదిరి ఉంది అల్లుడా."

"పడిపోయిన రాయి ఏ రాయైతే ఏంది? చదివి మళ్లీ పడుకోబెడదాం."

అది నా మాటే. మరిచిపోలేదు.

రాయి తేలిగ్గా లేచింది. అంత రాయి అంత తేలిగ్గా లేచినప్పుడే అనుమానించాల్సింది. పాత గుంటలో సరిగ్గా కూర్చుంది. చుట్టూ చిన్నరాళ్లు బిగించాం. తోలుతిత్తిలోని నీళ్లు పోసి కడిగాను. సుద్ద రుద్దితే తెల్లటి మరకైంది గాని అక్షరం తేలలేదు. రంగమ్మ ఇచ్చిన పసుపు గుర్తొచ్చింది. తడిపి వేలితో గీతల్లో పూశాను. అక్షరాలు ఒక్కొక్కటిగా కళ్లు తెరిచినట్టు కనిపించాయి. ఊరి పేరు. ఏదో సంవత్సరం. "గడపలు అరవై నాలుగు".

"నేను లెక్కబెట్టింది అరవై మూడే" అన్నాను.

"ఒకటి కూలిపోయింటాది. పోదాం పద. పొద్దు చూడు."

"ఇంకొక్క పంక్తి మిగిలింది మామా. వెలుతురు ఇంకాస్త వాలనీ."

ఆ పంక్తి కోసం ఆగాను. వెలుతురు వాలింది. మరీ వాలింది. నేను కాగితం మీద నుంచి తలెత్తేసరికి పొద్దు కొండ వెనక్కి జారిపోయింది. ఆ పంక్తి చదవనేలేదు.

అప్పుడు డప్పు మోగింది.

దూరంగా. పొలిమేర రాళ్ల వైపు నుంచి. ఒక్క దెబ్బ. ఆగి మరో దెబ్బ. అది మెల్లగా ఎడమకు జరుగుతోంది. ఊరి చుట్టూ నడుస్తూ కొడుతున్నట్టు.

"ఎవరు మామా?"

"ఈ చుట్టుపక్కల డప్పు కొట్టేవాళ్లు ఎవురూ లేరు." అంకన్న రాయిని, దాని మీద పసుపును, కింద తడి మట్టిని చూశాడు. "నిలబెట్టినావు. కడిగినావు. పసుపు పెట్టినావు. ఇంగ ఏం మిగిలింది అల్లుడా?"

"ఏంది మామా నువ్వనేది?"

"బొడ్డురాయి నిలబెట్టిన పొద్దు ఊరికి కట్టు కడతారు. డప్పుతో పొలిమేర తిరిగి వస్తారు. తిరిగినాక ఇంటోళ్లు బయటికి పోగూడదు. పరాయోళ్లు లోపల ఉండగూడదు. గడప గడపకూ వచ్చి లెక్క అడుగుతారు."

"అయితే ఇప్పుడే పరిగెత్తుదాం."

"కట్టేటప్పుడు పొలిమేర దాటితే ఆ డప్పు ఎనకే వస్తాది. ఇంటిదాకా వస్తాది. వద్దు. మా తాత పుట్టిన ఈ ఇంట్లోనే కూచుందాం. తెల్లారితే ఏమన్నా దారి ఉంటాదేమో. ఒక్కటే చెప్తా ఇను. అడిగితే పలకొద్దు. ఎన్నిసార్లు అడిగినా పలకొద్దు."

ద్వారబంధం నిలిచిన ఇంట్లో గోడకు వీపు ఆనించి కూర్చున్నాం. నా మణికట్టు అంకన్న పట్టుకున్నాడు. అతని అరచేతిలో చెమట చల్లగా ఉంది.

డప్పు ఊరంతా తిరిగి మొదటి చోటికి వచ్చి ఆగింది. దాంతో కీచురాళ్లు కూడా ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అందులోకి మొదట వాసన వచ్చింది. పిడకల పొగ. పెనం మీద మాడుతున్న జొన్నరొట్టె. తర్వాత గోనెసంచుల వాసన, వాటిలో తడిసిన ఉప్పు వాసన. తర్వాత ఒక రోకటి పోటు. దూరంగా ఎద్దు మెడగంట. ఎవరో ఆడమనిషి దగ్గు. బిడ్డను ఊరుకోబెట్టే చప్పుడు, ఉష్... ఉష్... అని.

ఎదురుగా మొండిగోడ. దాని గూట్లో చిన్న వెలుగు పుట్టింది. దాని పక్క ఇంట్లో ఇంకొకటి. వీధి పొడవునా ఒక్కొక్కటే. వెలుగులున్నాయి గాని నీడలు లేవు.

నూనె కాలుతున్న వాసన దగ్గరగా తగిలింది. మెల్లగా తల తిప్పాను.

మా తల మీద గూట్లో కూడా దీపం వెలుగుతోంది.

అప్పుడు వీధి చివర గొంతు వినిపించింది. ముసలి గొంతు. కోపం లేదు, జాలి లేదు. రోజూ చేసే పని చేస్తున్న మనిషి గొంతు.

"మొదటి గడప. ఇంటోళ్లు ఎందరు? పరాయోళ్లు ఎందరు?"

ఖాళీ గోడల్లోంచి మరో గొంతు బదులిచ్చింది. "ఇంటోళ్లం ఆరుగురం. పరాయోళ్లు లేరు."

ఆ వెంటనే చిన్న చప్పుడు. పలక మీద బలపం గీసిన చప్పుడు. రెండేళ్లు ఆ పలకల మధ్య బతికినవాణ్ణి. దాన్ని నేను పొరబడను.

"రెండో గడప. ఇంటోళ్లు ఎందరు?"

"నలుగురం."

పది.

"మూడో గడప."

"ఏడుగురం."

పదిహేడు. నేను కూడుతున్నానని నాకు ముందు తెలియలేదు. చిన్నప్పటినుంచీ అంతే. అంకెలు చెవిన పడితే మొత్తం దానంతట అదే తయారవుతుంది. ఆపాలనుకున్నాను. ఆపలేకపోయాను. పన్నెండో గడపకు యాభై ఎనిమిది. ముప్పయ్యో గడపకు నూట నలభై తొమ్మిది. ఒక ఇంట్లో ముసలమ్మ "నేనొక్కదాన్నే" అంది. ఒక ఇంట్లో పసిగొంతు బదులిచ్చింది. "అమ్మ, నేను" అని. గొంతు వీధి దిగి, మలుపు తిరిగి, రెండో వీధి పట్టుకుంది. అడుగుల చప్పుడు లేదు. గొంతు ఒక్కటే నడుస్తోంది.

యాభయ్యో గడప. రెండు వందల నలభై ఆరు.

అరవయ్యో గడప. రెండు వందల తొంభై తొమ్మిది.

అరవై మూడు. మూడు వందల పద్దెనిమిది.

అప్పుడు నాకు అర్థమైంది. అరవై మూడు ఇళ్లు నేను ఈ గడపలో నిలబడి లెక్కబెట్టాను. రెండుసార్లూ నిలబడిన ఇంటిని లెక్కలో వేసుకోలేదు.

"అరవై నాలుగో గడప."

ద్వారబంధం అవతల. ఎవరూ లేరు. చీకటి మాత్రం అక్కడ కాస్త చిక్కగా ఉంది.

"ఇంటోళ్లు ఎందరు? పరాయోళ్లు ఎందరు?"

అంకన్న వేళ్లు నా మణికట్టులో దిగబడ్డాయి.

"అరవై నాలుగో గడప. ఇంటోళ్లు ఎందరు... పరాయోళ్లు ఎందరు..."

తలలో మూడు వందల పద్దెనిమిది మోగుతోంది. ఒక్క అంకె తక్కువ. ఒక్కటి వేస్తే ముగిసిపోతుంది. ముగిస్తే వెళ్లిపోతుంది... భయం వల్ల పలికానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. భయం ఒక్కటే కాదు.

మూడోసారి అడిగింది.

"ఇంటోడు ఒకడు" అన్నాను. "పరాయోడు ఒకడు."

అంకన్న చెయ్యి నా మణికట్టు మీదినుంచి జారిపోయింది.

"ఇంటోడు ఒకడు. పరాయోడు ఒకడు." బలపం రెండుసార్లు గీసుకుంది. "పరాయోణ్ణి పొలిమేర దాటించండి."

దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

చీకట్లో అంకన్న లేచాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. మెత్తగానే వేశాడు. ఆ చేతిలో ఇప్పుడు చెమట లేదు. వీధిలో నడిపించాడు. "మామా," అన్నాను. పలకలేదు. అతని కాలికి ఒక్క రాయి కూడా తట్టుకోలేదు. ఆ వీధిలో పుట్టి పెరిగినవాడిలా నడిచాడు. మా రెండు పక్కలా గోడల వెనక మనుషులు నిలబడి చూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. తల తిప్పలేదు.

నిలువురాళ్ల దగ్గర నన్ను అవతలికి వదిలాడు.

"దాటు మామా. ఒక్క అడుగు. అమ్మ ఎదురు చూస్తుంటాది" అన్నాను.

చుక్కల వెలుగులో నా ముఖంలోకి చూశాడు. మర్యాదగా చూశాడు. దారి తప్పిన బాటసారిని చూసినట్టు.

"ఏ ఊరు నాయనా మీది?"

"...మార్కాపురం."

"దూరమే. పైలంగా పోండి."

వెనక్కి తిరిగి చీకట్లోకి నడిచిపోయాడు.

తెల్లవారేదాకా ఆ రాళ్ల దగ్గరే కూర్చున్నాను. వెలుతురు రాగానే లోపలికి పోయాను. ఎవరూ అడ్డుకోలేదు. మొండిగోడలు, తంగేడు, బల్లులు. గొంతు పోయేదాకా అంకన్నను పిలిచాను. ద్వారబంధం ఉన్న ఇంట్లో మా మూట విప్పి ఉంది. రొట్టెలు లేవు. గోడ గూట్లో కొత్త మసి.

బొడ్డురాయి నిలబడే ఉంది. నేను పూసిన పసుపు ఎండి రాలిపోవాలి. అది తడిగా, దట్టంగా, కింది నుంచి పై దాకా ఉంది. ముందురోజు చదవలేకపోయిన పంక్తి ఇప్పుడు పిల్లవాడు కూడా చదవగలిగేలా ఉంది. "ఊరి లెక్క తగ్గరాదు."

గడ్డపార వేసి రాయిని పడేయాలని చూశాను. బరువంతా వేశాను. నిన్న ఇద్దరం తేలిగ్గా లేపిన రాయి గోరంత కూడా కదల్లేదు. గడ్డపారే వంగింది.

అంకన్న చెప్పులు తీసుకుని కొండకిందిపల్లెకు పోయాను.

రంగమ్మ గడపలో కూర్చుని ఉంది. రాత్రంతా అక్కడే ఉన్నట్టుంది. చెప్పులు చూసింది. ఏడవలేదు. జరిగిందంతా చెప్పించుకుంది, ఒక్కొక్క మాట.

"నువ్వేం చెప్పినావు?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పినాను అత్తా."

"ఉన్నది ఉన్నట్టు." ఆ మాట తనకు తానే ఒకసారి అనుకుంది. "ఇద్దరం పరాయోళ్లమే అని చెప్పింటే ఇద్దర్నీ తోలేసుందురు గదరా. ఒక్క అబద్ధం. నీకు అంత సదువుంది, ఒక్క అబద్ధం రాకపాయనా?"

చెప్పులు గడప పక్కన పెట్టాను.

రంగమ్మ లేచి ముఖం కడుక్కుంది. "మా మామ పెద్దయ్య చెప్పేవాడు. ఊరు కట్టినాక మూడో పొద్దు గూకేలోపల కట్టు విప్పొచ్చు. నిలబెట్టిన చెయ్యే రాయిని పడుకోబెట్టాల. అయితే ఆ చెయ్యి ఇంటోడిదై ఉండాల. పరాయోడికి అది కదలదు."

"కదల్లేదు."

"కదలదు."

నిన్నటితో ఒక పొద్దు. ఈ సాయంత్రం రెండోది. రేపు ఒక్కటే మిగులుతుంది. అదీ చెడితే అంకన్న ఇక రాడు. నేను వేళ్ల మీద లెక్కబెడుతుంటే రంగమ్మ చూసి, నా వేళ్లు పట్టుకుని ముడిచేసింది.

"లెక్క చాల్లే. నీకు అమ్మ ఉండాదా?"

"లేదు."

"మంచిదాయె."

జొన్నరొట్టె తుంచి, కారంలో అద్ది, తన చేత్తో నా నోట్లో పెట్టింది. అంకన్న తలగుడ్డ తెచ్చి నా తలకు చుట్టింది. ముడి గట్టిగా బిగించింది. "ఈ పొద్దునుంచి నువ్వు పెద్దయ్య మనవడివి. నా రెండో కొడుకువి. ఈ రాత్రి గడప కాడ అడిగితే ఏం చెప్తావు?"

"ఇంటోళ్లం ఇద్దరం. పరాయోళ్లు లేరు."

"ఇంగోసారి."

మళ్లీ చెప్పాను. మూడుసార్లు చెప్పించింది.

"నువ్వూ రారాదా అత్తా?"

"నేను ఆ ఇంటి కోడల్ని. కాలు పెడితే నన్నూ రాసుకుంటారు. రేపు శ్రీశైలమ్మ బిడ్డను ఎత్తుకునేదానికి ఒకరన్నా మిగలాల గదా." ఆగింది. "అత్తా అనొద్దు. అమ్మా అను. ఆడ నోరు జారుతాది."

"లెక్కలో చేరినాక రాయి పడుకోబెట్టి బయటికి ఎట్ల రావాల... అమ్మా?"

ఆమె నా తలగుడ్డ అంచు సరిచేసింది. మరోసారి సరిచేసింది. ఆ ప్రశ్న విననట్టే లోపలికి పోయింది.

అదే సాయంత్రం. ఇప్పుడు పొలిమేర దగ్గర ఉన్నాను. పొద్దు కొండ మీద జానెడు ఎత్తులో ఉంది. ఊళ్లో పొగలు లేస్తున్నాయి. పగలు మొండిగోడలున్న చోటనుంచే, సన్నగా, తిన్నగా. లెక్కబెట్టకూడదనుకుని చూపు దించుకున్నాను.

వీధిలోంచి అంకన్న వస్తున్నాడు. స్నానం చేసినట్టుంది, జుట్టు తడిగా ఉంది. మోదుగ విస్తళ్లు చేతిలో పట్టుకుని నిలువురాళ్ల దాకా వచ్చి, అవతలే ఆగాడు.

"ఎవరింటికి నాయనా?" అన్నాడు.

"పెద్దయ్య ఇంటికి. మనింటికే అన్నా. అమ్మ పంపించింది."

అమ్మ అన్న మాటకు అతని కనుబొమ్మలు కొంచెం దగ్గరికి వచ్చాయి. ఏదో గుర్తు తెచ్చుకోబోయి వదిలేసినట్టు. తర్వాత నవ్వాడు. నిన్నటినుంచి మొదటిసారి. పక్కకు జరిగి, పొలిమేరకు అవతల నేలమీద విస్తళ్లు పరిచాడు. ఒకటి తనకు. ఒకటి నాకు. వాటి మీద నీళ్లు చిలకరించాడు.

మూడోది కూడా పరిచాడు. అది చిన్నది.

"మూడోది ఎవరికి అన్నా?"

నన్ను చూడలేదు. నా పక్కనుంచి, నా వెనక్కి చూశాడు. తల వంచి, బాగా కిందికి... మోకాలి ఎత్తుకు. అంత ఎత్తున ఉన్నవాళ్లను పిలిచినట్టు చెయ్యి చాచాడు. శ్రీశైలమ్మ కడుపులో ఇంకా పుట్టని బిడ్డ నాకు గుర్తొచ్చింది.

నా వెనక దారి ఖాళీగా ఉంది. వచ్చేటప్పుడు ఎవరూ వెంట రాలేదు. నాకు తెలుసు. తిరిగి చూడలేదు.

డప్పు మీద మొదటి దెబ్బ పడింది.

చెప్పులు విప్పాను. "ఇంటోళ్లం ఇద్దరం" అని లోపల ఒకసారి అనుకుని, కుడికాలు ఎత్తాను.